మూడో హెచ్చరిక లేని ఊరు

విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటితే సీతానగరం, ఆ పక్కనే తాడేపల్లి. 70 గేట్ల కింద కృష్ణమ్మ ఉరవడి చూడాలంటే ఇక్కడికే రావాలి. ఊరివాళ్లు మాత్రం ముందు అంకె అడుగుతారు. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఆ పైన హెచ్చరికల్లేవు, వరదే!

2024లో వినాయక చవితి ఇంకా ఐదు రోజులుందనగా, సెప్టెంబరు 2న, 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పరుగెత్తాయి. 2009 అక్టోబరు వరదనూ మించిన రికార్డది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీని ఢీకొన్నాయి. పాలవెల్లి దించాల్సిన రోజుల్లో లోతట్టు ఇళ్లవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు.

నది నిండితే కొండవీటి వాగు అందులో కలవలేక పొలాల మీదికి ఎగదన్నుతుంది. 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పంపులు పెట్టింది అందుకే. గుహల్లో శయనించిన అనంతపద్మనాభుణ్ని చూడ్డానికి వెళ్లేవారు వాటినీ చూసి రావచ్చు. హెచ్చరిక ఎత్తేశాకే సుమా!