జోహాన్నెస్‌బర్గు స్త్రీల చెఱసాలలో

దక్షిణాఫ్రికాలో జోహాన్నెస్‌బర్గు నగరము బంగారుగనులవలన పుట్టినది. 1886 లో బంగారము బయల్పడుటకు పూర్వము అది పశువులు మేయు బయలు. ఆ నగరము నడుమ, బ్రామ్‌ఫాంటీన్, హిల్‌బ్రో అను రెండు పేటల సందున, ఒక గుట్ట కలదు. 1983 వఱకును ఆ గుట్టపై చెఱసాలలుండెను. నేడు అచ్చట దేశముయొక్క రాజ్యాంగ న్యాయస్థానమును, ప్రదర్శనశాలలును కలవు. కాన్‌స్టిట్యూషన్ హిల్ అని దాని పేరు; రాజ్యాంగపు గుట్ట యని మనము చెప్పుకొనవచ్చును.

ఆఫ్రికా వెళ్లితిమనగా సింహములను, ఏనుగులను చూచి వచ్చితిరా యని అందఱును అడుగుదురు. అంతదూరము పోయి చెఱసాల చూచుట యేమని మా కూడ వచ్చిన బంధువులలో నొకరు పరిహాసమాడిరి కూడ. మమ్మచ్చటికి లాగినది వేఱొక సంగతి. మానవుల హక్కులను గూర్చియు, పగబట్టిన జాతుల నడుమ సఖ్యమును గూర్చియు ఆ గుట్టపై బహిరంగోపన్యాసములును శిక్షణ తరగతులును జరుగుచుండునని వింటిమి. ఇట్టి మాటలు సభలలో వినుటకు సొంపుగానే యుండును. ఇంటిలో బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి వానివలన ఒరిగినదేమి? అది తెలిసికొనవలెనని మా కోరిక.

మొదట న్యాయస్థానమును చూచితిమి. విచారణకై ఎదురుచూచు ఖైదీలనుంచిన పాత కట్టడమును పడగొట్టి, ఆ యిటుకలతోనే న్యాయస్థానపు గోడలను, దాని ప్రక్కనున్న పెద్ద మెట్లదారిని కట్టినారు. కట్టడము పోయినను దాని నాలుగు మెట్లగోపురములను మాత్రము గుర్తుగా నిలిపినారు. ముఖద్వారపు కొయ్య తలుపులమీద ప్రజల హక్కులు ఇరువదియేడును చెక్కబడియున్నవి. లోపల న్యాయమూర్తుల పీఠము వెనుక గోడలో, నేలమట్టమున, పొడుగైన అద్దపు కిటికీ యొకటి కలదు. దానిగుండ బయట వీథిని నడచువారి పాదములు మాత్రమే కనబడును. బూటుకాళ్లు, చెప్పుల కాళ్లు, పసిపిల్లల కాళ్లు! తీర్పు చెప్పువారికంటె వీథిలోని జనము ఎత్తుననుండవలెనని అట్లు కట్టిరట. మేమున్న కొద్దిసేపటిలో ఒక యిల్లాలి బరువైన సంచియు, దాని ప్రక్కనే చకచక నడచు చిన్న పాదములును సాగిపోయినవి. బజారునుండి వచ్చుచున్నది కాబోలు.

ఈ న్యాయస్థానమును 2004 మార్చి 21 న ప్రారంభించిరి. ఆ తేదీకి కారణము కలదు. 1960 లో అదే దినమున షార్ప్‌విల్ అను చోట పాసులకు ప్రతికూలముగా గుమికూడిన జనముపై పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపిరి. పాసన నేమి? పదునాఱేండ్లు నిండిన నల్లజాతివారు తమ దేశములోనే తాము ఎచ్చట నుండవచ్చునో, ఎచ్చట పనిచేయవచ్చునో తెలుపు పుస్తకమును సదా వెంట నుంచుకొనవలెను. చూపలేకున్న చెఱసాలయే. 1986 లో గాని ఆ చట్టము పోలేదు.

స్త్రీల చెఱసాల ఇంకొక ప్రక్కను కలదు. బయటినుండి చూచిన ఎఱ్ఱయిటుకల పాఠశాలవలె నుండును. లోపల గుండ్రని హాలు, పైనుండి వెలుతురు, చుట్టును గదులు; ఎంతయో అందముగా నున్నదనిపించును. ఆ అందమే మాకు వెగటు గలిగించినది. 1956 ఆగస్టు 9 న ఇరువదివేలమంది స్త్రీలు ప్రిటోరియా ప్రభుత్వభవనమునకు నడచిపోయి, పాసులు మాకు వలదని సంతకములు చేసిన అర్జీలను ప్రధానమంత్రి గది వాకిట పెట్టి, అరగంటసేపు మౌనముగా నిలువబడిరి. లిలియన్ ఎన్‌గోయి, హెలెన్ జోసెఫ్, రహిమా మూసా, సోఫియా విలియమ్స్ అను నలుగురు ముందు నడచిరి. రెండేండ్లకు, 1958 లో, జోహాన్నెస్‌బర్గులో మరల ఉద్యమము నడపి వందలకొలది స్త్రీలు ఈ చెఱసాలకు వచ్చిరి. వారిలో విన్నీ మండేలా యొకరు. ఆమె అప్పుడు నిండని గర్భవతి. తోడి ఖైదీగా నున్న ఆల్బర్టీనా సిసులు నర్సు పని నెఱిగినది గనుక ఆమెను కనిపెట్టి కాపాడినది.

గోడలమీద ఇచ్చట మగ్గిన స్త్రీలు చెప్పిన సంగతులను వ్రాసి యుంచినారు. నల్లజాతి ఖైదీలకు లోదుస్తులీయలేదట. నెలసరి దినములలో వారి యవస్థ యేమో సోదరీమణులకు వేఱుగ చెప్పవలెనా? కొట్టిన దెబ్బలను గూర్చి వ్రాయుటకు పురుషులు చాలమంది కలరు. ఇట్టి యవమానమును గూర్చి ఎవరు వ్రాయుదురు? చూడవచ్చిన మగవారు కొందఱు ఆ పలక ముందు తలలు వంచుకొని త్వరగా నడచిపోయిరి. మేమును వారిని తప్పుపట్టలేదు. ఒక గదిలో డర్బనుకు చెందిన ఫాతిమా మీర్ 1976 లో ఇచ్చట బందీగా నుండి వేసిన రంగుబొమ్మలున్నవి. బట్టలుతుకుచు, వరుసగా కూర్చుండి తినుచు, ఎండలో చాకిరి చేయుచునున్న స్త్రీలు ఆ బొమ్మలలో కనబడుదురు.

ఇక సఖ్యమును గూర్చిన సంగతి. 1994 లో తెల్లవారి పరిపాలన ముగిసిన పిదప, జరిగిన ఘోరములను వెలికితీయుటకు ఆ దేశమువారు ఒక సంఘమును నెలకొల్పిరి. ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ అని దాని పేరు, సత్యసఖ్య సంఘమనుకొందము. మతాచార్యుడు డెస్మండ్ టూటు దాని కధ్యక్షుడు. రాజకీయోద్దేశముతో నేరము చేసినవాడు పూర్తిగా నిజము చెప్పినచో వానికి క్షమ, బాధపడినవారు తమ బాధను నలుగురి యెదుట చెప్పుకొనవచ్చును, ఇది ఏర్పాటు. మొదటి విచారణ 1996 ఏప్రిల్ 15 న ఈస్ట్ లండన్ పట్టణపు పురమందిరమున జరిగెను. మొట్టమొదట సాక్ష్యమిచ్చినది నోలే మోహపి యను వితంతువు. మఱునాడు నోమోండే కలాటా యను నామె, 1985 లో పోలీసులు చంపిన తన భర్తను గూర్చి చెప్పుచు, మాట సాగక వెనుకకు వాలి ఒక్క కేక పెట్టినది. సభ ఆగిపోయెను. సంఘపు ఉపాధ్యక్షుడు అలెక్స్ బోరైన్ తనకు ఆ కేకయే ఆ విచారణ లన్నిటికిని గుర్తుగా నిలిచినదని తరువాత వ్రాసెను.

సుమారు ఇరువదియొక్క వేలమంది వాఙ్మూలము లిచ్చిరి. వారిలో స్త్రీలు విశేషముగా నుండిరి. అయితే కొద్దివారములలోనే ఒక చిత్రము బయటపడెను. వచ్చిన స్త్రీ తన కొడుకును గూర్చి చెప్పును, భర్తను గూర్చి చెప్పును, తమ్ముని గూర్చి చెప్పును. ఎన్నిగంటలకు తీసికొనిపోయిరి, ఏ చొక్కా తొడుగుకొని యుండెను, పొయ్యిమీద ఏమి యుడుకుచుండెను, అన్నియు చెప్పును. తన్ను గూర్చి ఒక్కమాట లేదు! ఆమెయు చెఱలో నుండి యుండవచ్చును, ఆమెయు చెప్పరాని హింసకు లోనై యుండవచ్చును. అడిగిన, “నాదేమున్నది” యనును. మన యిండ్లలో జ్వరముతో వంట చేయు తల్లి నడిగిన వచ్చు జవాబిదియే కదా.

ఈ గుట్ట చెంతనే యున్న విట్స్ విశ్వవిద్యాలయమున బెత్ గోల్డ్‌బ్లాట్, షీలా మైంట్జెస్ అను నిరువురు విదుషీమణులు, ఇది యిట్లే జరుగునని ముందుగ కనిపెట్టి, 1996 మార్చిలో ఒక చర్చాసభ జరిపి, సంఘమువారికి విజ్ఞాపన నిచ్చిరి. దాని ఫలితముగా కేప్‌టౌన్, డర్బన్, జోహాన్నెస్‌బర్గులలో స్త్రీలకు ప్రత్యేక విచారణలు జరిగెను. అంతకంటె మాకు గొప్పగా తోచినది ఒక చిన్న మార్పు. వాఙ్మూలములు వ్రాసికొను కాగితముపై ఒక సూచన చేర్చిరి: కొందఱు స్త్రీలు బంధువులకు జరిగిన దానినే చెప్పుచున్నారు, మీకు స్వయముగా ఏమి జరిగినదో కూడ చెప్పుట మఱువకుడు అని దాని సారము. ఒక్క వాక్యము! ఎన్నో ఉపన్యాసములు చేయని పని అది చేసినది. అయినను నోరు విప్పనివారే హెచ్చు. చెప్పిన తరువాత ఊరిలో తలయెత్తుకొని తిరుగనిత్తురా యని భయము. ఆ భయము నిజమైనదే గాని పిఱికితనము కాదు.

మేము వెళ్లిన దినమున స్త్రీల చెఱసాలలో ఒక గదిలో పాఠశాల ఉపాధ్యాయులకు శిక్షణ జరుగుచుండెను. వెనుక కూర్చుండి వినుటకు మాకును సెలవిచ్చిరి. బోధించు నామె నడివయస్సున నున్న నల్లజాతి స్త్రీ. హక్కులను గూర్చి ఉపన్యసించునని మేము కనిపెట్టుకొని యుంటిమి. ఆమె అరగంటలో ఆ భాగము ముగించి, అందఱను ఇద్దఱిద్దఱుగా ఎదురెదుట కూర్చుండబెట్టినది. ఒకరు అయిదు నిమిషములు చెప్పవలెను. రెండవవారు మధ్య మాటాడరాదు, ఓదార్చరాదు, “నాకును అట్లే జరిగినది” అనరాదు. పిమ్మట విన్నదానిని విన్నట్లే తిరిగి చెప్పవలెను. చివర ఒక్క ప్రశ్న మాత్రమే యడుగవచ్చును. వినుటకు కూడ శిక్షణ యా యని మాకు మొదట నవ్వు వచ్చినది. అయిదు నిమిషములు ఓదార్చక కూర్చుండుట ఎంత కష్టమో ఆ ముఖములు చూచిన పిమ్మట తెలిసినది.

మా ముందు జంటలో డర్బనునుండి వచ్చిన భారతసంతతి ఉపాధ్యాయిని యొకామెయు, జులూ జాతి ఉపాధ్యాయిని యొకామెయు నుండిరి. విచారింపగా మొదటియామె పూర్వులు తెలుగువారే. 1860 నవంబరులో ట్రూరో యను ఓడ మదరాసునుండి చెఱకు తోటలకు కూలీలను మొదటిసారి డర్బనుకు తెచ్చినది. ఆ తరువాత ఏబదియేండ్లు ఓడలు వచ్చుచునేయుండెను. ఆమె ముత్తవ్వ అట్టి యొక ఓడలో వచ్చినదట. ఆమెకు తెలుగు మాటలు పదియో పండ్రెండో వచ్చును, అన్నియు వంటింటివే. మమ్ము “ఆంటీ” యని పిలిచినది. అక్కడి మనవారు పెద్దలనందఱిని అట్లే పిలుతురు.

ఆమె తన అవ్వ యింటిని గూర్చి చెప్పినది. డర్బను చెంత కేటో మేనర్ అను కొండప్రాంతమున వారికి రేకుల యిల్లు, కరివేపచెట్టు, కూరగాయల మడులు నుండెను. 1950 నాటి చట్టము ఏ జాతివారు ఏ పేటలో నుండవలెనో నిర్ణయించినది. 1960 లలో భారతీయులను అచ్చటినుండి లేపి చాట్స్‌వర్త్‌కు తరలించిరి. అవ్వ కరివేపమొక్కను వేళ్లతో పెకలించి పాత చీరలో చుట్టి తీసికొనిపోయినదట. జులూ స్త్రీ కదలక వినినది. ఆమె అమ్మమ్మ గుడిసెయు ఆ కొండమీదనే యుండెను. వారిని అంతకుముందే, 1958 మొదలుకొని, క్వామాషుకు తోలిరి. ఆ రెండు జాతుల నడుమ అంతకు పూర్వమే నెత్తురు పాఱినది. 1949 జనవరిలో డర్బనులో జరిగిన కొట్లాటలలో ఇరుప్రక్కలను కలిపి 142 మంది చచ్చిరని ప్రభుత్వపు లెక్క. ఇదియంతయు ఇరువురు నెఱుగుదురు. అనుటకు వీలులేదు, నియమమది.

అయిదు నిమిషములైనవి. జులూ స్త్రీ విన్నదానిని తిరిగి చెప్పినది, కరివేపమొక్కను కూడ మఱువలేదు. పిదప తన ఒక్క ప్రశ్న నడిగినది: “మరి మీకు ఏమి జరిగినది?”

డర్బను స్త్రీ చాలసేపు పలుకలేదు. తరువాత, తన చిన్నతనమున సముద్రపుటొడ్డున తెల్లపిల్లలు ఆడుకొను చోటు ప్రక్కగా పోవునపుడు తండ్రి తన ముఖమును అటు తిరుగకుండ చేతితో మఱుగుపఱచెడివాడని చెప్పినది. ఎందుకని అడిగిన జవాబు లేదు. ఈ మాట తన భర్తకు కూడ ఎన్నడును చెప్పలేదట. చెప్పదగినంత పెద్ద విషయము కాదనుకొన్నదట!

వెలుపల టీ త్రాగుచుండగా బోధించిన యామె నడిగితిమి, ఇంతటితో సఖ్యము కుదురునా యని. ఆమె మొగమాటము లేక, కుదరదనినది. నష్టపరిహారముగా ఏటికి 17,000 మొదలు 23,000 రాండ్ల వఱకు ఆఱేండ్లు ఈయవలెనని సంఘము కోరగా, 2003 లో ప్రభుత్వము ఒక్కొక్కరికి ఒక్కమాఱే 30,000 రాండ్లు ఇచ్చి చేతులు దులుపుకొన్నది. క్షమ కోరినవారు ఏడువేలకు పైబడి. 849 మందికి దొరకెను. దొరకనివారిలోను, అసలు అడుగనివారిలోను చాలమందిపై విచారణ నడువలేదు. చంపబడినవారి బిడ్డలు న్యాయస్థానములకెక్కిన పిదప, 2025 లో అధ్యక్షుడు రామఫోసా ఈ జాప్యము నెవరు చేయించిరో తెలియుటకు వేఱొక విచారణసంఘమును ప్రకటించెను. “వినుటయు ఒక బాకీయే, అది ఒకటి తీర్చుచున్నాము, తక్కిన బాకీలు అట్లే యున్నవి” అని ఆమె కప్పు క్రిందపెట్టి మరల తరగతికి పోయినది.

మఱునాడు ఉదయము డర్బను ఉపాధ్యాయినితో కలసి బ్రామ్‌ఫాంటీన్ శ్మశానమునకు పోతిమి. గాంధిగారి సత్యాగ్రహమున 1913 లో చెఱకేగి, జ్వరముతో వెలువడి, 1914 ఫిబ్రవరి 22 న మరణించిన పదునాఱేండ్ల తమిళ బాలిక వల్లియమ్మ సమాధి అచ్చట కలదు. ఆమె పూవులుంచి, తన చేతి ఫోనులో ఒక కాగితపు ఛాయను మాకు చూపినది. ఓడ యెక్కిన నాటి పట్టీలో ముత్తవ్వ వరుస అది. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, ఊరు, పొడవు, ఒంటిమీది మచ్చ. జిల్లా విశాఖపట్టణమని తెలియుచునే యున్నది. ఊరి పేరును మాత్రము దొరగారి గుమాస్తా తన చెవికి తోచినట్లు గిలికినాడు. “మీరు చదివిన తెలియునేమో ఆంటీ” అనినది. మేమందఱమును ఆ యక్షరములను ఒకటొకటిగ పైకి పలికి చూచుచు, ఎండ ఎక్కువఱకు అచ్చటనే యుంటిమి.