ఎర్రదారి మీద ఆరు చక్రాలు

మిల్టన్ కీన్స్‌లో నడిచి వెళ్లేవాళ్లు కార్ల రోడ్డెక్కనక్కర్లేదు. లండన్‌కి వాయవ్యంగా, 1967లో కొత్త పట్టణంగా ప్రకటించి కట్టిన ఊరది. నడకకీ సైకిళ్లకీ అప్పట్నుంచే వేరే దారులు వేసుకుంటూ వచ్చారు. ఎర్ర తారు పరిచిన ఆ దారుల్ని రెడ్‌వేలు అంటారు. అన్నీ కలిపితే 300 కిలోమీటర్ల పైమాటే. పెద్ద రోడ్డు అడ్డొచ్చిన చోట కిందనుంచి అండర్‌పాస్ ఉంటుంది. స్టార్‌షిప్ కంపెనీ రోబోలు 2018 నుంచి ఇక్కడ ఇంటింటికీ సరుకులు మోస్తున్నాయి. వాటి వెంట నడవాలని వెళ్లాను.

మా పెద్దమ్మ కూతురు ఆ ఊళ్లోనే ఉంటుంది. "ఇందులో వింతేముందిరా, పాలు అయిపోతే పిలుస్తాం, వస్తుంది," అంటూ అక్క ఫోన్లో పాలు, బ్రెడ్డు, గుడ్లు ఆర్డరు పెట్టింది. నేను దగ్గర్లోని కో-ఆప్ దుకాణం ముందు నిలబడ్డాను. గోడవారగా కొన్ని రోబోలు వరసగా ఉన్నాయి. మోకాలి ఎత్తున తెల్లటి పెట్టె, ఆరు చక్రాలు, చిన్న జెండా కట్టిన పొడవాటి పుల్ల. దుకాణంలో పనిచేసే అమ్మాయి సంచీ తెచ్చి లోపల పెట్టి మూత వేసింది. ఇక ఆ మూత అక్క ఫోనుకే తెరుచుకుంటుంది.

గంటకి 6 కిలోమీటర్ల వేగం. దాని పక్కన హాయిగా నడవొచ్చు. కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఎదురైతే ఆగి, ఆయన దాటాక కదిలింది. పేవ్‌మెంటు అంచు రాగానే ముందు చక్రాలు పైకి లేచాయి, మిగతావి వాటి వెనకే ఎక్కాయి. ఆ ఎక్కడం చూస్తుంటే నాకు ముచ్చటేసింది. ఈ రోబో పూర్వీకురాలు రాళ్లూ మట్టీ ఏరడానికి పుట్టింది మరి! స్కైప్‌ని తయారుచేసిన ఇంజనీర్లలో ఒకరైన అహ్తి హైన్లా, ఎస్టోనియా బృందంతో నాసా పోటీకి ఓ రోవర్ కట్టారు. జీపీఎస్ లేకుండా, మనిషి సాయం లేకుండా నమూనాలు ఏరి తేవాలన్నది ఆ పోటీ షరతు. 2014లో యానుస్ ఫ్రీస్‌తో కలిసి ఆయన స్టార్‌షిప్ పెట్టారు. కాలిదారి మీద కూడా జీపీఎస్ ఒక్కటే చాలదు. రెండు మీటర్లు అటూఇటూ అయితే రోబో కార్ల మధ్యకి వెళ్లిపోతుంది. అందుకే కెమెరాలు ఇళ్ల గోడలు, పైకప్పుల అంచుల్లాంటి సరళరేఖల్ని పట్టుకుని, ముందే గీసి ఉంచిన మ్యాపుతో పోల్చుకుంటాయి.

ఎటూ తోచకపోతే, ఎక్కడో కూర్చున్న ఆపరేటరు కెమెరాలోంచి చూసి దారి చూపిస్తారు. వ్యాపారమంతా ఇక్కడే తేలుతుంది. ఇంటికి సరుకు చేర్చడంలో పెద్ద ఖర్చు మనిషి సమయం. ఒక్కరే చాలా రోబోల్ని చూసుకోగలిగితే లాభం. అవి మాటిమాటికీ సాయం అడిగితే ఆ లెక్క తప్పుతుంది. అమెజాన్ స్కౌట్, ఫెడెక్స్ రాక్సో లాంటి పెద్ద ప్రయత్నాలు 2022లో ఆగిపోయాయి. స్టార్‌షిప్ ఇలాంటి ఊళ్లనీ, వర్జీనియాలోని జార్జ్ మేసన్ లాంటి యూనివర్సిటీ క్యాంపస్‌లనీ ఎంచుకుంది. నా దృష్టిలో ఈ రోబోల తెలివిలో సగం, ఆ ఎర్రదారుల్ని గీసిన పట్టణ ప్రణాళికకర్తలదే.

అయితే ఈ దారులు ముందు మనుషులవి. పేవ్‌మెంటు చివర్లో ఉండే వాలు చక్రాల కుర్చీల కోసం, పసిపిల్లల బండ్ల కోసం ప్రజల డబ్బుతో వేసింది. 2019లో పిట్స్‌బర్గ్‌లో చక్రాల కుర్చీలో రోడ్డు దాటుతున్న ఒక విద్యార్థినికి సరిగ్గా ఆ వాలు దగ్గరే రోబో అడ్డంగా నిలబడింది. ఆమె రోడ్డు మీదే చిక్కుకుపోయింది. ఆమె చదివే యూనివర్సిటీ వెంటనే రోబోల్ని ఆపించింది. మనిషి కనబడితే ఆగిపోవడం క్షేమమని రోబోకి నేర్పుతారు, కానీ అక్కడ ఆగడమే ప్రమాదమైంది. ఇంకో నగరం వీటికి అనుమతి ఇచ్చేముందు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లని ప్రతి దారిలోనూ వీటి వెంట తీసుకెళ్లాలి. ఎక్కడ ఆగకూడదో వాళ్లు చెప్పాలి, కంపెనీ దాన్ని మ్యాపులోకి ఎక్కించాలి.