కొండ పక్కన కంచె

తిరుపతిలో కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు వెళ్తుంటే ఊరెక్కడ అయిపోయిందో, అడవెక్కడ మొదలైందో చెప్పడం కష్టం. జీవకోన లాంటి చోట్ల ఇళ్ల వెనకే కొండ. చాలా ఇళ్లలో వంటింటి గోడకీ, ప్రహరీకీ మధ్య ఉండే పెరడు ఐదారడుగులే. బట్టలారేయాలన్నా, గిన్నెలు కడగాలన్నా అందులోనే. ఇక పచ్చని కంచెకు మిగిలేది అడుగున్నర!

ఆ అడుగున్నరలో ఏం నాటాలి? దట్టంగా పెరిగేది ఏదైతేనేం అనుకోవడానికి లేదు. గోడ అవతల ఉన్నది శేషాచలం. 1989లో జాతీయ పార్కుగా, 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన అడవి. ఎర్రచందనానికి పుట్టినిల్లు.

కంచె మొక్కలు అడవిని మింగేసిన కథ మనకు కొత్త కాదు. పులికంప అని మనవాళ్లు పిలిచే లాంటానాను ఆంగ్లేయులు పూల అందం చూసి తెచ్చారు. పశువులు ముట్టవని జనం కంచెలకు వాడారు. పండ్లు తిన్న పిట్టలు గింజల్ని అడవికి మోశాయి. ఇప్పుడది దేశంలోని ఎన్నో అడవుల్లో గడ్డిని కూడా మొలవనీయడం లేదు. సర్కారు తుమ్మదీ అదే దారి. 1877లో కడప జిల్లా కమలాపురంలో దాని విత్తనాలు నాటారు. కాయలు మేసిన మేకలు, పశువులు మిగతా పని పూర్తిచేశాయి!

అందుకే ఇక్కడ పాతకాలపు గోరింటే మేలు. అడుగుకొకటి నాటి, ఏటా రెండు మూడుసార్లు కత్తిరిస్తే మందం అడుగున్నర దాటదు. ఎండను తట్టుకుంటుంది. ఇంటి నీడ పడేచోట అడ్డసరం పెట్టుకోవచ్చు. పశువులు దాని జోలికి రావు, దగ్గుకు కషాయమూ అవుతుంది. అంత చోటు కూడా లేదా? ఇనుప వల కట్టి శంఖుపువ్వు తీగ పాకిస్తే అర అడుగు చాలు. వాక్కాయ ముళ్లు కాపలాకి, కాయలు పప్పులోకి భేషుగ్గా ఉంటాయి కానీ, మూడు నాలుగడుగులు పక్కకి విస్తరిస్తుంది. ఇరుకు పెరడుకు కుదరదు.

ఇంకో మాట. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల చిన్నారి బలైంది. పొదలు దట్టంగా ఉంటే దాని వెనక ఏముందో తెలియదు. కంచెను నాలుగడుగులకు మించి పెరగనీయకండి. మొదట్లో అడుగు ఎత్తు దాకా కొమ్మలు తీసేసి, నేల కనబడేలా ఊడ్చండి. పాము వచ్చినా కనిపిస్తుంది. ఎంగిలి మెతుకులు గోడ మీంచి పారేయొద్దు. వాటికోసం కోతులు, కుక్కలు చేరతాయి. కుక్కల కోసం చిరుత వస్తుంది.

కత్తిరించిన కొమ్మల్నీ కొండవైపు విసరకండి. గోరింట రెమ్మలైతే అసలు పారేసే పనే ఉండదు. ఆషాఢంలో వీధిలోని ఆడపిల్లలందరి చేతులూ మీ పెరటి కంచెతోనే పండుతాయి!