ముందు పలుపు విప్పండి

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మనుషులే రోజుల తరబడి మేడల మీద ఇరుక్కుపోయారు. ఇక కట్టేసి ఉన్న జీవాల సంగతి చెప్పాలా? గేదెకు ఈత వచ్చు. కానీ గుంజకున్న పలుపు పొట్టిదైతే నీరు పెరిగేకొద్దీ తల పైకెత్తలేక మునిగిపోతుంది. గొలుసుతో గేటుకు కట్టేసిన కుక్కా అంతే. అందుకే వాన ముదురుతోందంటే ముందు కట్లు విప్పండి. మేడెక్కేటప్పుడు కుక్కనీ తీసుకెళ్లండి, దానికో గిన్నెడు మంచినీళ్లు పెట్టండి. వరదనీళ్లు తాగనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన ఆ నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు, దానికీ మనకీ కూడా. సహాయక పడవల్లో పెంపుడు జంతువులకూ చోటివ్వాలని గట్టిగా అడుగుతున్నాను. వాటిని వదల్లేక ఇల్లు కదలని పెద్దవాళ్లుంటారు. వానాకాలం రాకముందే మన వీధి వాట్సాప్ గ్రూపులో ఏ ఇంట్లో ఏ జీవం ఉందో రాసిపెట్టుకుందాం.