లండా పిండికి తిరగలి

లండా అనగానే సారా అనుకునేవాళ్ళు చాలామంది. సారా కాచేది, లండా పులియబెట్టేది. ముంచింగిపుట్టు దాటి కోరాపుట్ వైపు వెళ్తే లండా లేని పండుగ తక్కువ. మా అమ్మమ్మది అటువైపు ఊరే. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, చల్లారాక మొలకెత్తిన చోళ్ళ పిండి, నీళ్ళు కలిపి కుండలో పెడుతుంది. రెండు మూడు రోజుల్లో పొంగుతుంది. ఆ తర్వాత దాచితే పులిసిపోతుంది కాబట్టి నలుగురూ కూర్చొని తాగేయాల్సిందే.

ఇందులో అసలు పని చోళ్ళది. ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండలో ఆరబెడతారు. మొలకెత్తే గింజలో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. కుండలో ఉడికిన బియ్యప్పిండిని తీపి చేసేవి అవే. ఆ తీపిని ఈస్టు తిని మత్తుగా మారుస్తుంది. సైన్సు చెప్పే పంతుళ్ళు ఈ కుండను ఒక్కసారి చూపిస్తే పిల్లలకి పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు. కుండ పొంగకముందే, తీపి దశలోనే చూపించవచ్చు.

ఇల్లు స్లాబు వేసినప్పుడు మా తిరగలి పై రాయి పగిలింది. కింది రాయి గుమ్మం ముందు మెట్టయింది. అప్పట్నుంచి చోళ్ళు సంత దగ్గర కరెంటు మిల్లుకే. అక్కడ ముందు ఆడిన కారం ఘాటు పిండికి అంటేది. పైగా మరీ మెత్తన, వడకడితే గుడ్డలోంచి దిగేది కాదు. "ఇది పిండి కాదురా, బురద" అనేది అమ్మమ్మ. రెండేళ్ళు కుండే పెట్టలేదు.

బీరు చేసేవాళ్ళు బార్లీని రెండు ఇనుప రోలర్ల మధ్య పగలగొడతారు. విడిపోయిన పొట్టే వాళ్ళకి వడపోతకు పనికొస్తుంది. చోడికి అంత పొట్టు లేదు, గింజా చిన్నది. నూకలా మిగిలితే తీపి దిగదు, మరీ మెత్తనైతే వడకట్టలేం. అందుకని రోలర్ల జోలికి పోకుండా తిరగలికే తిరిగొచ్చాను.

మెట్టును పెళ్ళగించి కడిగాం. రాయి కొట్టేవాళ్ళ చేత అదే కొలతకు పై రాయి చేయించి, రెండింటికీ ఉలితో గంట్లు పెట్టించాను. నడుమ కర్ర మేకు, పక్కన పిడి నేనే చెక్కాను. ముందు రెండు సార్లు నూకలు విసిరి పారబోశాం, రాతి పొడి పోవాలి కదా. ఇక రాళ్ళ మధ్య సందు. పూర్వం మేకు చుట్టూ గుడ్డ చుట్టి పై రాయిని లేపేవారట. నేను పాత సైకిలు ట్యూబు కోసి ఉంగరాలు చేశాను. ఒకటి వేస్తే మెత్తన, రెండు వేస్తే కాస్త గరుకు, మూడు వేస్తే గింజ పగిలి ఊరుకుంటుంది. అమ్మమ్మ పిండిని వేళ్ళ మధ్య రుద్ది చూసి "రెండే" అంది.

అదే మొలక పిండిని మా అక్క బిడ్డ జావలో చిటికెడు వేస్తుంది. చిక్కటి జావ పలచబడుతుంది, బిడ్డ ఇంకాస్త తాగుతుంది. 2023 నుంచి బడుల్లోనూ రాగి జావ పోస్తున్నారు. చోడిని మెచ్చుకునే నోటితోనే మన కుండను వెక్కిరించడం నాకు నచ్చదు. లండా తాగితే మత్తు రాదని నేననను. ఎంత, ఎప్పుడు, ఎవరు అన్నది మాట్లాడుకోవాలి. 1996 నాటి పెసా చట్టం మత్తు పానీయాలను కట్టడి చేసే అధికారం గ్రామసభకు ఉండాలంటుంది. పోలీసులో, వ్యాపారులో తేల్చకముందే ఆ మాట మన సభలో రావాలి.

మొన్న ఇటుకల పండక్కి కుండ పెట్టాం. నాన్న కొంచెం పులుపెక్కిందన్నాడు. అమ్మమ్మ తిరగలి దగ్గర కూర్చొని, సామలు విసరడానికి నాలుగో ఉంగరం కోయమంది.