బెణికిందన్నారు

పడగానే ముందు చూసుకున్నది ఫోన్‌నే. స్క్రీన్ పగల్లేదు. హమ్మయ్య అనుకుని బండి లేపా. చెయ్యి సంగతి ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది.

ఆషాఢం. సన్నగా తుంపర పడుతోంది. వరంగల్ చౌరస్తా నుంచి వస్తూ మట్టెవాడలో మా గల్లీలోకి తిరుగుతుంటే స్కూటీ జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే నేనూ చేశా, అరచెయ్యి నేలకు ఆనించా. రక్తం లేదు. వాపు కూడా పెద్దగా లేదు. ‘‘బెణికింది బిడ్డా, రెండు రోజుల్ల తగ్గుతది’’ అంది అమ్మ. నాయనమ్మ ఆముదం వెచ్చబెట్టి మణికట్టు తోమింది. ఆ రాత్రి నిద్రలేదు.

మర్నాడు ఓ క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. నొప్పి తగ్గకపోతే మళ్లీ రమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నా పని మెహందీ. శ్రావణం పెళ్లిళ్లకు ఏడు బుకింగులు ఒప్పుకున్నా, అడ్వాన్సులు ఖర్చయిపోయాయి కూడా. ప్రాక్టీస్‌కని కోన్ పట్టుకుని బొటనవేలితో నొక్కితే మణికట్టులో సూది దిగినట్టయ్యేది. విచిత్రం ఏంటంటే, అన్నం కలుపుకోగలను, ఫోన్ స్క్రోల్ చేయగలను. నీళ్ల జగ్గు ఎత్తినప్పుడూ, తాళంచెవి తిప్పినప్పుడూ మాత్రమే ప్రాణం పోయేది. అక్కడే మోసపోయా. విరిగితే చెయ్యి అసలు కదలదనే కదా మనందరి లెక్క!

పద్దెనిమిదో రోజున అక్క బలవంతం మీద ఎముకల డాక్టర్ దగ్గరికెళ్లా. ఆయన ఎక్స్‌రే పక్కన పెట్టేసి, బొటనవేలు పైకెత్తమన్నారు. మీరూ ఎత్తి చూడండి. వేలి మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. ఒకప్పుడు ముక్కుపొడి అందులో పోసుకుని పీల్చేవాళ్లట, అందుకే డాక్టర్ల పుస్తకాల్లో దాని పేరు ముక్కుపొడి డబ్బా. (నాయనమ్మకు ఈ సంగతి చెప్తే మస్తు ఖుషీ అయింది.) ఆ గుంటలో వేలు పెట్టి నొక్కారు. కుర్చీలోంచి లేచిపోయా.

‘‘స్కేఫాయిడ్’’ అన్నారాయన.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. వాటిలో జీడిపప్పులా వంగి ఉండేది ఇది. గ్రీకులో పడవ అనే మాట నుంచి ఆ పేరొచ్చింది. ఇది చిట్లినా మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకే అనుమానముంటే చెయ్యి కదలకుండా కట్టి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీస్తారు. లేదంటే ఎంఆర్ఐ, సీటీ చేస్తారు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. ఐర్లాండ్ సర్జన్ అబ్రహాం కోలిస్ అంతకు 81 ఏళ్ల ముందే మణికట్టు దగ్గర ముంజేతి ఎముక విరగడం గురించి రాశాడు. ఫిల్మ్ లేని రోజుల్లో డాక్టర్‌కు చెయ్యే కదా ఆధారం!

అసలు భయం వేరే. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్లవైపు నుంచి లోపలికొచ్చి, వెనక్కి పారుతుంది. మన చెరువు కాలువలా అన్నమాట. మధ్యలో తెగితే చివరి మడికి నీళ్లుండవు. ముంజేతివైపు ముక్క రక్తమందక చచ్చిపోవచ్చు, ఎముక అతుక్కోకపోవచ్చు, కొన్నేళ్లకు మణికట్టు అరిగిపోవచ్చు. ‘‘పద్దెనిమిది రోజులకే వచ్చావు, నయం’’ అన్నారు. కొందరు నెలల తర్వాత వస్తారట. నాది పక్కకు జరగని చీలిక. జరిగి ఉంటే స్క్రూ వేయాల్సి వచ్చేది. మోచేతి కింది నుంచి బొటనవేలి దాకా కట్టు వేశారు, ఎనిమిది వారాలకు.

నాయనమ్మ తోముడు గురించి అడిగా. విరిగిన చోట తోమితే, లాగితే, ఉన్న ముక్క పక్కకు జరుగుతుందన్నారు. పడ్డ వెంటనే చేయాల్సింది చాలా తక్కువ. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి. గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట పెట్టాలి. అట్టముక్కో, మడిచిన పత్రికో ఆనించి కట్టి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, తెల్లబడినా, చెయ్యి వంకరపోయినా ఆగకుండా ఆసుపత్రికే. మాంజా తెగి వేలు వంగకపోతే కూడా అంతే. పైకి చిన్న గాటే, లోపల వేలిని లాగే తాడు తెగి ఉండొచ్చు.

ఏడు అడ్వాన్సులూ అప్పు చేసి తిరిగిచ్చా. ఒకావిడ బాగా తిట్టింది, పెళ్లికి నాలుగు రోజులే ఉంది మరి.

కట్టుతో అరుగు మీద కూర్చుంటే పక్కింటి కాక వచ్చి కూర్చునేవాడు. కొత్తవాడలో ముప్పై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్నాడు. 2018లో జీఐ గుర్తింపొచ్చిన వరంగల్ జంపఖానాలే. నా కట్టు చూసి తన చెయ్యి చాపాడు. ‘‘రాత్రిళ్లు తిమ్మిరెక్కుతది బిడ్డా. లేసి దులుపుకుంటే గని నిద్రపట్టది.’’ బొటనవేలి కింద కండ కరిగి పల్లంగా ఉంది. ఎన్నాళ్ల నుంచి అంటే, రెండేళ్ల నుంచట. బామ్ రాస్తున్నాడు.

ఎంజీఎంకు తోలుకపోయా. డాక్టర్ ఒకటే అడిగారు: ‘‘చిటికెన వేలు కూడానా?’’ కాక కాసేపు ఆలోచించి, ‘‘అది తప్ప’’ అన్నాడు. కార్పల్ టన్నెల్. మణికట్టులో సన్నటి దారిలోంచి పోయే నరం నొక్కుకుపోవడం. ఆ నరం చిటికెన వేలికి పోదు. మొదట్లోనే వస్తే రాత్రిపూట స్ప్లింట్‌తోనే చాలామందికి తగ్గుతుంది. కండ కరిగేదాకా వస్తే ఆపరేషన్ మాట. ‘‘మగ్గం ఎవరు నడుపుతరు?’’ అని కాక ఇంకా వాయిదాలేస్తున్నాడు. నేను రోజూ సతాయిస్తున్నా.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు నా కట్టు విప్పారు. మణికట్టు సన్నగా, మొద్దుబారి, ఎవరిదో చెయ్యిలా ఉంది. ఎముక అతికింది. ఇక స్పాంజి బంతి నొక్కాలి, గోరువెచ్చని నీళ్లలో మెల్లగా వంచాలి. ఆ రాత్రే అమ్మ అరచేతిలో ఓ పువ్వు వేశా. రేకులన్నీ వణికాయి.

నాయనమ్మ ఆముదం సీసా పట్టుకొచ్చింది. ‘‘ఇప్పుడన్న తోమాల్నా?’’

డాక్టర్‌ని అడిగి చెప్తా అన్నా.