చైన్ ఒక్కటే మారిస్తే సరిపోదు

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి బైక్ మీద వెళ్లేవాళ్లకు దూరం పెద్ద సమస్య కాదు. మా రూమ్ నుంచి ఆఫీసుకు ఏడు కిలోమీటర్లే. కానీ జేఎన్‌టీయూ సిగ్నల్ దాటి, మలేషియన్ టౌన్‌షిప్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కేలోపు ఎన్నిసార్లు ఆగుతామో, ఎన్నిసార్లు కదులుతామో లెక్కుండదు. కదిలిన ప్రతిసారీ ఆ లాగుడంతా పడేది చైన్ మీదే. మైలేజ్ గురించి గంటలు మాట్లాడే మనం చైన్‌ను మాత్రం అది చప్పుడు చేసేదాకా చూడం.

ఈమధ్య నా 150 సీసీ బండి 24,000 కిలోమీటర్లు దాటింది. చైన్ ఎంత బిగించినా పది రోజులకే మళ్లీ వదులవుతోంది. కేపీహెచ్‌బీలో నేనెప్పుడూ వెళ్లే మెకానిక్ చూసి, "స్ప్రాకెట్లు ఇంకా నడుస్తయ్ అన్నా, చైన్ ఒక్కటే ఏద్దాం. పైసలు మిగుల్తయ్" అన్నాడు. నేను మాత్రం మొత్తం సెట్టే వేయమన్నాను. దానికి కారణం ఉంది.

చైన్ సాగింది అంటాం గానీ ఇనుము రబ్బరులా సాగదు. లింకుల్లో పిన్ను, దాని చుట్టూ బుష్షు, పైన రోలరు ఉంటాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ ఇలాంటి చైన్ తయారుచేసినప్పటి నుంచీ పద్ధతి ఇదే. పిన్ను, బుష్షు రాసుకుని అరిగేకొద్దీ ఒక్కో లింకు పొడవు కొంచెం కొంచెం పెరుగుతుంది. మన బళ్లలో ఎక్కువగా కనిపించే 428 చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. మొదటి పిన్ను నుంచి 21వ పిన్ను దాకా లాగిపట్టి కొలిస్తే 254 రావాలి. 259 వచ్చిందంటే రెండు శాతం పెరిగినట్టు. ఇక మార్చాల్సిందే. మాన్యువల్‌లో అంతకన్నా తక్కువ హద్దు ఇచ్చి ఉంటే అదే పాటించాలి. నాది 260 వచ్చింది.

ఇలా పొడవు పెరిగిన చైన్ పళ్ల మధ్య సరిగ్గా కూర్చోదు. పళ్లను కూడా తన కొలతకు తగ్గట్టు అరగదీస్తుంది. అవి ఒకవైపు కొడవలి మొనల్లా వంగిపోతాయి. ఆ పళ్ల మీద కొత్త చైన్ వేస్తే, అది కూడా తొందరగా పాడవుతుంది. వెనక 45, ముందు 15 పళ్లున్న బండిలో వెనక చక్రం ఒకసారి తిరిగేలోపు ముందు స్ప్రాకెట్ మూడుసార్లు తిరుగుతుంది. అంటే ముందుగా అరిగేది అదే. కవర్ వెనక దాక్కుంటుంది కాబట్టి విప్పి చూసేవాళ్లు తక్కువ.

కొనేటప్పుడు చైన్ నంబరు, లింకుల సంఖ్య, పళ్ల లెక్క మూడూ సరిచూసుకోవాలి. 428 ఉన్న చోట 520 పట్టదు. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే పికప్ బాగుంటుంది గానీ ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి కంపెనీ ఇచ్చిన లెక్కే మేలు. కంపెనీ కిట్ అయినా, కోయంబత్తూరువాళ్ల రోలాన్ లాంటి పేరున్న బ్రాండ్ అయినా బిల్లుతో తీసుకోండి. ఓ-రింగ్ చైన్ అయితే పెట్రోల్‌తో కడగొద్దు, లోపలి గ్రీజును కాపాడే రబ్బరు రింగులు పాడవుతాయి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. లాక్ క్లిప్ తెరిచి ఉన్న కొన, చైన్ కదిలే దిశకు వెనకవైపు ఉండాలి. చక్రం రెండు వైపులా గుర్తులు సమానంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, విప్పిన చైన్ కవర్, శారీ గార్డ్ మళ్లీ పెట్టించుకోవాలి. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా, చక్రం సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. అమ్మ చీర, చెల్లి చున్నీ గుర్తుంటే చాలు, నిబంధన నంబరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు.

నా బండి పని నడుస్తుండగా ఒక డెలివరీ తమ్ముడు వచ్చాడు. "పైసల్లేవన్నా, రెండు లింకులు తీసి బిగించు, వచ్చే వారం చూద్దాం" అన్నాడు. లింకులు తీస్తే చైన్ పొట్టిదవుతుందే తప్ప మిగిలిన లింకుల అరుగుదల పోదు. రోడ్డు మీద తెగి ముందు స్ప్రాకెట్ దగ్గర ఇరుక్కుంటే ఇంజిన్ కేసు పగలొచ్చు, చక్రం బిగుసుకుపోవచ్చు. నేను నెలంతా ఆఫీసుకు తిరిగే 308 కిలోమీటర్లు అతను మూడు రోజుల్లో తిరుగుతాడు. మంచి చైన్ నాకన్నా అతనికే ఎక్కువ అవసరం. స్ప్రాకెట్లు నడుస్తయ్ అని మెకానిక్ ఎందుకంటాడో అప్పుడు అర్థమైంది. అతని దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే.

నాకు కిట్ 1,800, లేబర్ 300, మొత్తం 2,100 అయింది. పాత సెట్ లాగే ఇదీ 24,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు తొమ్మిది పైసలు కూడా పడదు. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే ఆ తమ్ముడికైతే రోజుకు తొమ్మిది రూపాయల లోపే, ఒక చాయ్ ఖర్చు. కష్టమంతా ఒకేసారి రెండు వేలు తీయడంలోనే. అదే మాట మెకానిక్‌తో అంటే, "తెలిసిన పోరగాళ్ల దగ్గర రెండుసార్లుగా తీసుకుంటా అన్నా, వాళ్లే అడగరు" అన్నాడు. అడగడానికి మొహమాటపడకండి తమ్ముళ్లూ.